పెన్ను క్లాసంతా రికార్డు చేస్తోంది, మరి రాత్రంతా మళ్లీ వినాలా?

ఖమ్మం జిల్లా నుంచి అమెరికా వెళ్లి డేటా సైన్స్‌లో ఎమ్మెస్ చదువుతున్న 24 ఏళ్ల అమ్మాయి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, యూనివర్సిటీ బయటపెట్టొద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు చిన్నప్పటి నుంచీ రాయడమంటే గండం. వింటే అర్థమవుతుంది, అడిగితే గడగడా చెప్పగలరు. కాగితం మీద పెట్టబోతే మాత్రం అక్షరాలు ఎగిరిపోతాయి, స్పెల్లింగులు తారుమారవుతాయి, చెయ్యి నొప్పి పుడుతుంది. స్కూల్లో బద్ధకం అన్నారు, ఇంట్లోనూ అదే మాట. బీటెక్ నాలుగేళ్లూ స్నేహితురాళ్ల రన్నింగ్ నోట్సు జిరాక్సు తీయించుకుని, పరీక్షల ముందు వాళ్లు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని విని, ఒక్క సప్లీ కూడా లేకుండా గట్టెక్కారు. అమెరికాలో ఆ దారి మూసుకుపోయింది. క్లాసు రెండున్నర గంటలు. స్లైడ్ల మీద నాలుగు ముక్కలుంటాయి, అసలు విషయమంతా ప్రొఫెసర్ నోటితోనే చెబుతారు. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టులో ‘సి’ వచ్చింది. క్యాంపస్ కౌన్సెలర్ చెప్పగా యూనివర్సిటీ సైకాలజీ క్లినిక్‌లో పరీక్షలు చేయించుకుంటే డిస్లెక్సియా (చదవడంలో, స్పెల్లింగులో ఇబ్బంది), డిస్గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) రెండూ ఉన్నాయని తేలింది. వైకల్యం ఉన్న విద్యార్థులకు సాయం చేసే డిజేబిలిటీ ఆఫీసువాళ్లు ఈ సెమిస్టర్ అంతా వాడుకోమని, రాస్తూనే మాటను రికార్డు చేసే ఒక స్మార్ట్‌పెన్, దానికి పనికొచ్చే నోటు పుస్తకాలు ఇచ్చారు.

‘బతికిపోయాననుకున్నాను. ఇప్పుడు ముందుకన్నా టెన్షన్ ఎక్కువైంది’ అంటారామె. క్లాసంతా రికార్డు చేసుకొచ్చి రాత్రి మళ్లీ మొత్తం వింటున్నారు. నిద్ర లేదు, అసైన్‌మెంట్లు వెనకబడ్డాయి. ఒక ప్రొఫెసర్ ‘నా క్లాసులో రికార్డింగ్ నాకిష్టం లేదు, అర్థం కాకపోతే ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థుల సందేహాల కోసం కేటాయించే సమయం) రా’ అన్నారట. ఫ్లాట్‌లో ఉండే ముగ్గురూ తెలుగు అమ్మాయిలే. పెన్ను ఎక్కడిదని అడిగితే ఈమె ఉన్నమాట చెప్పేశారు. ‘రికార్డింగులు మన వాట్సాప్ గ్రూపులో పెట్టు’ అని ఒకరు, ‘డిజేబిలిటీ అని రాయించుకుంటే రేపు వీసాకీ ఉద్యోగానికీ అడ్డం పడుతుంది’ అని ఇంకొకరు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చి, ‘సంబంధాలు చూస్తున్న టైంలో ఈ మాట ఎక్కడా అనకు’ అన్నారు. ‘పెన్ను తిరిగి ఇచ్చేసి, ఒక సబ్జెక్టు డ్రాప్ చేసుకుని, అందరిలాగా చదువుకుంటే మేలా?’ అన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం చివర ఒక చిన్న మాట: ‘మా తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. వాడిదీ నా చేతిరాతే.’

సమాధానం:

నాలుగేళ్ల ఇంజినీరింగును చెవులతో చదివి పాసైన మనిషిని బద్ధకస్తురాలని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఎవరూ నేర్పకుండానే మీరు మీకు సరిపోయే పద్ధతిని కనిపెట్టుకున్నారు. అక్షరం తోడు రానప్పుడు చెవిని నమ్ముకున్నారు. స్మార్ట్‌పెన్ ఎక్కువగా ఉపయోగపడేది అలాంటివాళ్లకే. అందుకని దాన్ని తిరిగి ఇచ్చేసే ముందు కొన్నాళ్లు ఇంకో రకంగా వాడి చూడమంటాను. అప్పుడూ కుదరకపోతే వేరే దారులున్నాయి, వాటి గురించీ చెబుతాను.

మీ ఉత్తరంలో ఐదారు చిక్కులు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. ముందు మీ నిద్ర సంగతి తీసుకుందాం. అది తేలితే పెన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

రెండున్నర గంటల క్లాసును రెండున్నర గంటలూ మళ్లీ వినడానికైతే ఆ పెన్నే అక్కర్లేదు, ఫోను చాలు. దాని ప్రత్యేకత వేరే ఉంది. మీకిచ్చిన నోటు పుస్తకం పేజీని వెలుతురులో పట్టుకుని చూడండి, తెల్ల కాగితం మీద లేత బూడిదరంగు పొర ఉన్నట్టు కనిపిస్తుంది. అవి కంటికి ఆనీ ఆనని సన్నటి చుక్కలు. ఆ చుక్కల అమరిక ఏ రెండు చోట్లా ఒకేలా ఉండదు. పెన్ను మొన దగ్గర, రీఫిల్ పక్కన, చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. అది చుక్కల్ని చూస్తూ మీరు ఏ పేజీలో ఏ మూల గీస్తున్నారో గుర్తుపడుతుంది. రికార్డింగ్ నడుస్తుండగా మీరు గీసిన ప్రతి గీతకూ ఆ క్షణంలో వినపడిన మాటకూ ముడి పడిపోతుంది. తర్వాత ఆ గీత మీద పెన్ను మొన ఆనిస్తే ఆ మాట దగ్గర నుంచే వినిపిస్తుంది. ఈ చుక్కల కాగితం స్వీడన్‌కు చెందిన అనోటో కంపెనీ తయారుచేసిన పద్ధతి. కాలిఫోర్నియాలోని లైవ్‌స్క్రైబ్ దాన్ని మాటతో జోడించి 2008లో పల్స్ అనే పెన్ను, 2010లో ఎకో అనే పెన్ను తెచ్చాక యూనివర్సిటీల డిజేబిలిటీ ఆఫీసులు వీటిని విద్యార్థులకు ఇవ్వడం మొదలుపెట్టాయి.

కాబట్టి ఈ పెన్ను పట్టుకున్న మనిషి తక్కువ రాయాలి. ఇప్పటిదాకా మీరు ఏది తప్పిపోతుందోనన్న భయంతో వీలైనంత రాయడానికి తంటాలు పడ్డారు. రాస్తుంటే వినలేరు, వింటే రాయలేరు. ఇప్పుడు మాట ఎక్కడికీ పోదు. మీరు చేయాల్సిందల్లా ఏ మాట దగ్గరికి తిరిగి రావాలో అక్కడ ఒక గుర్తు పెట్టడం.

ఒక ఉదాహరణ చెబుతాను. ప్రొఫెసర్ బయాస్, వేరియన్స్ గురించి చెబుతున్నారనుకోండి. మోడల్ మరీ సింపుల్‌గా ఉంటే ఒక రకం తప్పు, మరీ క్లిష్టంగా ఉంటే ఇంకో రకం తప్పు, మధ్యలో ఎక్కడో టెస్ట్ ఎర్రర్, అంటే కొత్త డేటా మీద వచ్చే తప్పు, అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. దీన్ని వాక్యాలుగా రాయబోతే మీకు పది నిమిషాలు పడుతుంది, ఈలోగా ఆయన మూడు స్లైడ్లు దాటిపోతారు. ఒక గిన్నె ఆకారంలో గీత గీయండి. ఎడమ కొసన ఒక చుక్క, కుడి కొసన ఒక చుక్క, అడుగున ఒక నక్షత్రం. ఆయన ఎడమవైపు సంగతి చెబుతున్నప్పుడు ఎడమ చుక్క పెట్టండి, కుడివైపు సంగతికి వచ్చినప్పుడు కుడి చుక్క, మధ్య సంగతి చెబుతున్నప్పుడు నక్షత్రం. అంతే. ఇంటికొచ్చి నక్షత్రం మీద మొన పెడితే ఆ వివరణ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. అర్థమైన ముక్కను వదిలేయండి, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టండి, ‘ఇది పరీక్షలో వస్తుంది’ అని ఆయన అన్నచోట పెద్ద గీత కొట్టండి. స్పెల్లింగుతో పనిలేదు. ఇంగ్లిష్‌లోనే రాయాలనీ లేదు. తెలుగులో ఒక అక్షరం వేసినా, బొమ్మ వేసినా ముడి ముడే. గుర్తు పెట్టడం కొంచెం ఆలస్యమైతే ఏం ఫరవాలేదు, పేజీ అడుగున అచ్చువేసిన గుర్తులతో కాస్త వెనక్కి జరిపి వినొచ్చు. వేగం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి కూడా అక్కడే ఏర్పాటు ఉంటుంది. అమెరికన్ యాస పట్టుబడని చోట వేగం తగ్గించి వినండి.

ఇలా చేస్తే రెండున్నర గంటల క్లాసుకు పాతిక ముప్ఫై గుర్తులు మిగులుతాయి. ఒక్కోదానికి నిమిషం చొప్పున చూసినా అరగంట పని. క్లాసులో కుడి పేజీ మీదే గుర్తులు పెట్టి ఎడమ పేజీ ఖాళీగా ఉంచండి. సాయంత్రం ఆ అరగంటలో విన్నదాన్ని మీ మాటల్లో ఎడమ పేజీలో రెండు మూడు ముక్కలుగా రాసుకోండి. చెయ్యి నొప్పి పుడితే రాయొద్దు, లాప్‌టాప్‌లో నోటితో చెప్పి టైప్ చేయించుకోండి. వీలైతే అదే రోజు, లేదా మర్నాడైనా ఇది అయిపోవాలి. వారం ఆగితే ఆ నక్షత్రం ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు, మళ్లీ మొత్తం వినాల్సి వస్తుంది. అరగంట దాటితే ఆపేయండి. అన్నీ పూర్తి కాకపోయినా సరే. అలా మిగిలిన ప్రశ్నార్థకాలే మీరు ఆఫీస్ అవర్స్‌లో అడగాల్సిన ప్రశ్నలు.

కొన్ని చిన్న జాగ్రత్తలు. మీకిచ్చిన పెన్ను ఏ మోడలో చూసుకోండి. ఎకో లాంటి వాటిలో మైకు పెన్నులోనే ఉంటుంది. 2013లో వచ్చిన లైవ్‌స్క్రైబ్ 3 లాంటి వాటిలో రికార్డింగ్ ఫోన్ ద్వారా జరుగుతుంది, అప్పుడు ఫోన్ బల్ల మీద ఉండాలి, కాల్స్ రాకుండా పెట్టుకోవాలి. మైకు పెన్నులో ఉంటే మీరు గట్టిగా నొక్కి రాసే చప్పుడు కూడా రికార్డవుతుంది. తక్కువ రాయడానికి ఇదొక కారణం. ముందు వరసలో, ఏసీ గాలి హోరుకు దూరంగా కూర్చోండి. మిడ్‌టర్మ్ ముందు రోజున కాకుండా ఏదైనా తేలికైన క్లాసులో ఈ పద్ధతి మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు క్లాసుల్లో గుర్తులు మరీ ఎక్కువో మరీ తక్కువో అవుతాయి. అది అందరికీ అయ్యేదే.

ఇంత చెప్పాక కూడా ఈ పెన్ను మీకు పడకపోవచ్చు. బోర్డు మీద సమీకరణాలు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయే క్లాసుల్లో మాట ఒక్కటే వింటే ఉపయోగం తక్కువ. ‘ఇది అటు వెళుతుంది, ఇది ఇటు వస్తుంది’ అని ఆయన అంటారు, ఏది ఎటు వెళ్లిందో పెన్నుకు తెలియదు. అలాంటి సబ్జెక్టుకు బోర్డు ఫొటో తీసుకునే అనుమతి గానీ స్లైడ్లు ముందురోజే ఇవ్వమనే ఏర్పాటు గానీ అడగండి. యాస వల్ల మాటే అందడం లేదనిపిస్తే అప్పటికప్పుడు అక్షరాల్లో చూపించే క్యాప్షన్లు మేలు. చదవడం కూడా మీకు కొంత కష్టమే కాబట్టి అవి ఎంతవరకు సాయపడతాయో మీరే చూసుకోవాలి. పీర్ నోట్‌టేకర్ అనే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. అదే క్లాసులో ఉన్న ఒక విద్యార్థి నోట్సు ఆఫీసు ద్వారా మీకు అందుతుంది, మీ పేరు సాధారణంగా ఆ విద్యార్థికి చెప్పరు. బీటెక్‌లో మీకు అలవాటైన పద్ధతి ఇదే, హాయిగా ఉంటుంది. కాకపోతే ఆ నోట్సు రాసినవాళ్ల బుర్ర మీదే మీ చదువు ఆధారపడుతుంది. వాళ్లు వదిలేసింది మీకూ పోతుంది, వాళ్లు క్లాసు మానేసిన రోజు మీకు ఏమీ ఉండదు. ఇక వన్‌నోట్, నోటబిలిటీ లాంటి యాప్‌లు ఈ పెన్ను చేసే పనినే లాప్‌టాప్‌లో, ఐప్యాడ్‌లో చేస్తాయి. టైప్ చేయడం మీకు రాయడం కన్నా తేలికైతే వాటి వైపు వెళ్లొచ్చు. కానీ ఎదురుగా స్క్రీన్ ఉంటే మనసు నిలవని వాళ్లకు కాగితమే మంచిది, పైగా కొందరు ప్రొఫెసర్లు క్లాసులో లాప్‌టాప్ మూయిస్తారు. ఆఫీసువాళ్లు ఒకటి ఇచ్చారు కదా అని దానికే కట్టుబడి ఉండనక్కర్లేదు. సెమిస్టర్ మధ్యలో వెళ్లి ‘ఇది ఈ క్లాసులో పనిచేస్తోంది, ఆ క్లాసులో చేయడం లేదు’ అని చెప్పి మార్పు అడగొచ్చు. ఒక క్లాసుకు పెన్ను, ఇంకో క్లాసుకు నోట్‌టేకర్ అన్నా అడగడంలో తప్పులేదు.

ఇక ఆ ప్రొఫెసర్‌గారి సంగతి. ఆయన అన్నమాటలో మీ మీద కోపం ఉందని నేననుకోను. తన పాఠం నెట్‌లో ఎక్కడో తేలుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. క్లాసులో ఇంకో విద్యార్థి తన సొంత విషయం ఏదైనా చెబితే అదీ రికార్డవుతుంది కదా అన్న సంకోచమూ న్యాయమైనదే. అయినా చట్టం మీవైపు ఉంది. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని 504వ సెక్షన్ ఫెడరల్ ప్రభుత్వ డబ్బు అందుకునే ప్రతి విద్యాసంస్థకూ వర్తిస్తుంది. దాని కింద వచ్చిన నిబంధనల్లో, వైకల్యం ఉన్న విద్యార్థుల చదువుకు అడ్డం వచ్చేలా తరగతి గదిలో టేప్ రికార్డర్లను నిషేధించకూడదని పేరు పెట్టి రాశారు. చూపులేని వారి వెంట వచ్చే గైడ్ కుక్కల ప్రస్తావన కూడా ఆ వాక్యంలోనే ఉంది. 1990లో వచ్చిన ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజేబిలిటీస్ యాక్ట్) చట్టం ఈ రక్షణను ఇంకా బలపరిచింది. మీరు అమెరికా పౌరురాలు కాకపోయినా అక్కడి విద్యార్థినిగా ఇది మీకు వర్తిస్తుంది.

చట్టం ఉంది కదా అని ముందుగా దాన్నే ఆయన ముందు పెట్టమని చెప్పను. మీకున్న దారులు చూడండి. మీకు ఏ సదుపాయాలు ఇవ్వాలో డిజేబిలిటీ ఆఫీసు రాసిచ్చే అకామడేషన్ లెటర్‌లో రికార్డింగ్ అనే మాట ఉందో లేదో చూసుకుని, దాన్ని జతచేసి ఆయనకు మర్యాదగా మెయిల్ రాయొచ్చు. ‘రికార్డింగులు నా చదువుకు మాత్రమే, ఎవరికీ ఇవ్వను, సెమిస్టర్ అయ్యాక చెరిపేస్తాను, సొంత విషయాల చర్చ వస్తే ఆపేస్తాను’ అని నాలుగు ముక్కలు చాలు. ఎక్కువమంది ఇక్కడే ఒప్పుకుంటారు. మీకు ఏ జబ్బని ఆయన అడిగినా చెప్పాల్సిన పని లేదు, లెటర్‌లో కూడా అది ఉండదు. ఆయనతో నేరుగా మాట్లాడటానికి జంకుగా ఉంటే డిజేబిలిటీ ఆఫీసులో మీ కేసు చూసేవారిని మాట్లాడమనండి, అది వాళ్ల ఉద్యోగం. దీనివల్ల ఆయన కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు. మీరు ఆయన దగ్గర రీసెర్చ్ చేయాలనుకుంటుంటే ఆ సంగతి మనసులో ఉంటుంది, అర్థం చేసుకోగలను. లేదా ఈ ఒక్క క్లాసుకు నోట్‌టేకర్‌ను అడిగి గొడవ లేకుండా వెళ్లిపోవచ్చు. అదీ తప్పు కాదు, కానీ చెవితో చదివే మీకు ఆ క్లాసులో నష్టం జరుగుతుందేమో చూసుకోండి. ఏదీ కుదరకపోతే ప్రతి యూనివర్సిటీలోనూ 504 వ్యవహారాలు చూసే అధికారి ఉంటారు, ఫిర్యాదు పద్ధతి ఉంటుంది.

చేయకూడని పని మాత్రం ఒకటుంది. ఆయనకు తెలియకుండా రికార్డు చేయకండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయాలంటే అందులో ఉన్నవాళ్లందరి సమ్మతీ ఉండాలి. ఆఫీస్ అవర్స్‌లో ఇద్దరే మాట్లాడుకునేటప్పుడు పెన్ను ఆన్ చేసే ముందు తప్పకుండా అడగండి.

వాట్సాప్ గ్రూపు విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను. రికార్డింగులు పంచుకోకండి. ఒక్కటి కూడా. పెన్ను తీసుకునేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితం మళ్లీ తీసి చదవండి, చాలా యూనివర్సిటీలు ఈ షరతు అందులో పెడతాయి. ఒక ఆడియో బయటికి వెళితే మీ అనుమతి పోవచ్చు, క్రమశిక్షణ చర్య దాకా వెళ్లొచ్చు. మీ తర్వాత వచ్చే విద్యార్థుల్ని కూడా ఆ ప్రొఫెసర్ అనుమానంగా చూస్తారు. కలిసి వంట చేసుకుని, కలిసి కిరాణా తెచ్చుకునే వాళ్లకు కాదని చెప్పడం ఎంత కష్టమో తెలుసు. ‘సంతకం పెట్టానే, ఇస్తే నన్ను పంపించేస్తారు’ అని ఒక్కసారి గట్టిగా చెప్పండి, రెండోసారి అడగరు. ఆ మాట మొహం మీద అనలేకపోతే దానికి బదులు ఇంకేదైనా ఇవ్వండి. ఆదివారం పూట మీరు అర్థం చేసుకున్నది వాళ్లకు నోటితో చెప్పండి. అది మీకు బాగా వచ్చిన పని, చెబుతూ ఉంటే మీకూ గట్టిపడుతుంది. కృతజ్ఞతగా వాళ్లు మీ రిపోర్టులో స్పెల్లింగులు దిద్దిపెడతారు. గ్రూప్ ప్రాజెక్టు కాని అసైన్‌మెంట్లకు మాత్రం ఈ సాయం ఎంతవరకు ఒప్పుకుంటారో ప్రొఫెసర్‌ని అడిగి తెలుసుకోండి.

వీసా గురించి మీ స్నేహితురాలు అన్నది ఆమె భయమే తప్ప నిజం కాదు. డిజేబిలిటీ ఆఫీసులో మీ ఫైలు వేరుగా, గోప్యంగా ఉంటుంది. మీరు పెన్ను వాడారని మార్కుల మెమోలో రాయరు, డిగ్రీ మీద రాయరు. పరీక్షకు అదనపు సమయం తీసుకున్నా అంతే. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో అకామడేషన్లను నమోదు చేయరు. ఉద్యోగం ఆఫర్ ఇవ్వకముందు మీకు వైకల్యం ఉందా అని అడగడానికి ఏడీఏ చట్టం కంపెనీలకు అధికారం ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరాక మీకు సాయం కావాలంటే మీరే చెప్పుకోవాలి, అక్కర్లేదనుకుంటే చెప్పనక్కర్లేదు.

అసలు జాగ్రత్తపడాల్సింది మీరు తేలిగ్గా రాసిన ఇంకో మాట దగ్గర. సబ్జెక్టు డ్రాప్ చేస్తానన్నారు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైం క్రెడిట్లు నిలుపుకోవాలి. ముందుగా డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి లేకుండా దానికన్నా తగ్గితే స్టేటస్ పోతుంది. అనుమతితో తగ్గించుకోవడానికి మాత్రం దారులున్నాయి. వైద్య కారణం మీద అయితే డాక్టర్ గానీ లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇచ్చిన లెటర్ కావాలి, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలలకు మించకూడదు. అమెరికా బోధనా పద్ధతి కొత్త కావడం, ఇంగ్లిష్‌లో మొదట్లో ఎదురయ్యే ఇబ్బంది లాంటి చదువు కారణాలతోనూ అడగొచ్చు, అప్పుడు కనీసం సగం లోడ్ ఉంచుకోవాలి. డ్రాప్ చేస్తే ఊపిరి సలుపుతుంది, మిగతా సబ్జెక్టుల్లో గ్రేడు నిలబడుతుంది. మరోవైపు ఒక సెమిస్టర్ పెరిగితే ఫీజు, అద్దె, ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ అన్నీ పెరుగుతాయి. నా అభిప్రాయం అడిగితే, రెండు మూడు వారాలు పైన చెప్పిన పద్ధతిలో పెన్ను వాడి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఈలోగా డ్రాప్ చేయడానికి ఆఖరు తేదీ ఏదో క్యాలెండర్‌లో చూసి పెట్టుకోండి, డీఎస్ఓ దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. పోయిన సెమిస్టర్‌లో వచ్చిన ‘సి’ని మాత్రం ఈ కొత్త రిపోర్టు మార్చకపోవచ్చు. అకామడేషన్లు సాధారణంగా ఇచ్చిన రోజు నుంచే అమల్లోకి వస్తాయి. అందుకే పరీక్షల్లో అదనపు సమయం ఇంకా అడగకపోయి ఉంటే ఈ వారమే అడగండి.

అమ్మగారి గురించి రాసిన పేరా దగ్గర మీ అక్షరాలు బాగా చెదిరిపోయాయి. ఆవిడ ఏడ్చింది సంబంధాల కోసం మాత్రమే అనుకోకండి. చిన్నప్పుడు బద్ధకమని తిట్టిన పిల్లకు నిజంగానే కష్టం ఉండేదని తెలిసిన తల్లికి ఎలా ఉంటుంది? ఆ బాధ పైకి ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాటగా వచ్చి ఉండొచ్చు. ఫోన్లో డిజేబిలిటీ అనే మాట వినగానే ఆవిడ కళ్ల ముందు ఏదో పెద్ద జబ్బు మెదిలి ఉంటుంది. ఈసారి వీడియో కాల్‌లో పెన్ను చూపించండి. ఒక గీత గీసి, ‘అమ్మా, ఏదైనా మాట్లాడు’ అని, తర్వాత ఆ గీత మీద మొన పెట్టి ఆవిడ మాటను ఆవిడకే వినిపించండి. వివరణ కన్నా అది బాగా అర్థమవుతుంది. కళ్లజోడు పెట్టుకుని చదివే మేనమామ ఎవరైనా ఉంటే ఆయన పేరు చెప్పి, ఆయనకు కళ్లజోడు ఎలాగో నాకు ఈ పెన్ను అలాగే అనండి.

సంబంధాల దగ్గర చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి మధ్య తేలాల్సిన విషయం, ఈ నెలలోనే తేలనక్కర్లేదు. ప్రొఫైల్లో రాయాల్సిన అవసరం ఏమీ లేదు. మీతో జీవితం పంచుకోబోయే మనిషికి మాత్రం మాట ఖాయం కాకముందే మీరే చెప్పడం మంచిదని నేననుకుంటాను. ఫారాలు నింపడం, పిల్లల హోంవర్కు చూడటం లాంటివి రోజూ ఉంటాయి, దాచిపెడితే రోజూ దాచాలి. విని వెనక్కి తగ్గేవాళ్లు ఉండొచ్చు. ఆ బాధ ఉంటుంది, లేదని చెప్పను. చెప్పకుండా చేసుకుని తర్వాత తెలిస్తే వచ్చే మాటల బరువు దానికన్నా ఎక్కువ. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలన్నది మీ చేతిలో ఉండాలి, రూమ్మేట్ల చేతిలో కాదు. అందుకే వాళ్ల ముగ్గురిలో మీరు బాగా నమ్మే అమ్మాయితో ఒకసారి విడిగా కూర్చుని, ఈ విషయం ఊరిదాకా వెళ్లకూడదని చెప్పుకోండి.

ఇప్పుడు తమ్ముడు. ఉత్తరం చివర ఒక్క మాటలో రాసి వదిలేశారు కానీ, ఇందులో ఆలస్యం చేయకూడని పని అదేనేమో. డిస్లెక్సియా ఒకే కుటుంబంలో ఒకరికి మించి తరచు కనిపిస్తుంది. చేతిరాత బాగోలేనంత మాత్రాన ఉందని కాదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మన దేశంలోనూ ఇప్పుడు దీనికి గుర్తింపు ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా, డిస్గ్రాఫియాలను చేర్చింది. ఆ చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని చెప్పింది. 40 శాతం కన్నా తక్కువ ఉన్నా రాయడంలో ఇబ్బంది ఉంటే సాయం నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. యూపీఎస్సీ పరీక్ష రాయడానికి స్క్రైబ్ (చెబుతుంటే రాసిపెట్టే మనిషి) కావాలని అడిగిన అభ్యర్థి కేసు అది. అదే ఏడాది నవంబరులో, డిస్గ్రాఫియా ఉన్న అమ్మాయికి నీట్ పరీక్షలో అదనపు గంట ఇవ్వకపోవడం తప్పని కూడా తేల్చింది.

పరీక్షలు చేయించడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. సర్టిఫికెట్ చేతికి రావడానికి సమయం పడుతుంది, ఇంటర్ బోర్డుకు కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలన్నా పరీక్షలు దగ్గరపడితే కుదరదు. అందుకని రెండో సంవత్సరం మొదలయ్యేలోపే ఇది కదలాలి. నాన్నగారిని ఒప్పించే పని మీరే చేయాల్సి రావచ్చు, మీ రిపోర్టు ఆ పనికొస్తుంది. స్మార్ట్‌పెన్ కొని పంపాలని మీకు అనిపించవచ్చు, కానీ ఇప్పుడే పంపకండి. పెన్నుతో పాటు చుక్కల నోటు పుస్తకాలు, రీఫిల్స్ కూడా అమెరికా నుంచి పంపుతూనే ఉండాలి, కాలేజీలో రికార్డింగ్‌కు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ముందు వాడితో మాట్లాడండి. క్లాసులో వాడికి ఏమవుతుందో మీలా అడగగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.